చిన్నాయన గ్రాఫుల క్యాలిక్యులేటర్

పోయిన వానాకాలంలో మా చిన్నాయన పోయాక చిన్నమ్మను మూసాపేట నుంచి కోకాపేటలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చుకున్నాను. వాళ్లకు పిల్లల్లేరు. ఆమె తెచ్చుకున్నది ఒక బట్టల పెట్టె, జొన్నరొట్టె కాల్చే పాత పెనం, ఒక ప్లాస్టిక్ బుట్ట, అంతే. లిఫ్టులో పైకి వస్తున్నంతసేపూ బుట్టను చంకలో పెట్టుకునే నిలబడింది. సెక్యూరిటీ అబ్బాయి అందుకోబోతే ఇవ్వలేదు. రెండు రోజుల తర్వాత, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, బుట్టలో ఉన్నవి అలమరలో సర్దుదామని తీశాను. అడుగున పాత రవికె గుడ్డతో కుట్టిన సంచి, అందులో చిన్నాయన క్యాలిక్యులేటర్. మామూలు దుకాణం క్యాలిక్యులేటర్ కాదు. అరచేయి కంటే పొడుగు, పైన వెడల్పాటి బూడిదరంగు స్క్రీన్, కింద చీమలబారులా మీటలు. సమీకరణం ఇస్తే గీత గీసి చూపించేది. అంకెలను ఒకట్లు సున్నాల్లోకీ, పదహారంకెల పద్ధతిలోకీ మార్చేది. వెనక మూత తీస్తే బ్యాటరీల గది నిండా పచ్చటి చిలుము పట్టి ఉంది. మీట నొక్కాను. వెలగదని తెలిసే నొక్కాను.

ఇప్పుడు ఆ పని నా ఫోన్ చేస్తుంది. నిజానికి ఫోన్ కూడా అక్కర్లేదు, మా ఆఫీసులో పిల్లలు ఏ అంకెనైనా కంప్యూటర్‌నే అడుగుతారు. ఒకట్లు సున్నాలను నాలుగేసి కట్టలు కట్టి చేత్తో మార్చడం ఎవరైనా చూస్తే నవ్వుతారు. కానీ నాకు ఆ సంచి ముడి విప్పగానే మూసాపేట ఇంటి ముందుగది వాసన వచ్చింది. సోల్డరింగ్ పొగ, తడి సుద్ద, గుమ్మం దగ్గర విప్పిన పిల్లల చెప్పులు, వంటింట్లోంచి వచ్చే పచ్చిపులుసు ఉల్లిపాయల ఘాటు, వీటన్నిటి కిందా బాలానగర్ ఫ్యాక్టరీల మీదుగా వచ్చే ఇనుపరజను వాసన. మంచం మీద కూర్చుండిపోయాను.

మాది అనంతపురం జిల్లా కదిరి. లెక్కలతో డిగ్రీ పూర్తిచేశాక కంప్యూటర్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందని ఊళ్లో ప్రతివాళ్లూ చెప్పేవాళ్లు. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నాన్న నన్ను తన తమ్ముడి దగ్గర దింపి, ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. చిన్నాయన నాన్న కంటే ఆరేళ్లు చిన్న. డిప్లొమా చదివి హైదరాబాదు వచ్చి, బాలానగర్‌లో ఎలక్ట్రానిక్ కాటాలకు బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. మూసాపేటలో కిరాయికి ఉన్న ఇంటివాళ్ల అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆమే చిన్నమ్మ. అందుకే ఆ ఇంట్లో రెండు రకాల తెలుగు, రెండు రకాల వంట. ఆయనకు ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ఉండాలి. ఆమెకు సర్వపిండి లేకపోతే పండగ పండగ కాదు. నేను వెళ్లాక ఇద్దరూ చెరోవైపు నుంచీ నన్ను తమ వంటకు అలవాటు చేసుకోవాలని చూశారు. నేను రెండూ తిని లావయ్యాను.

క్యాలిక్యులేటర్ కథ చిన్నాయన ప్రతి కొత్త విద్యార్థికీ చెప్పేవాడు. కంపెనీలో ఏదో పరికరం బిగించడానికి విదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్ని నెలలు ఉన్నాడట. మధ్యాహ్నం భోజనం డబ్బాలో చిన్నాయన తెచ్చే సర్వపిండి సగం అతనే తినేవాడట. వెళ్లేటప్పుడు తన జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి, మాటేమీ లేకుండా, ఖాళీ డబ్బాలో పెట్టి ఇచ్చాడట. తర్వాత కంపెనీ మూతపడింది. చిన్నాయన ముందుగది గోడకు నల్లరంగు వేసి బోర్డు చేసుకుని, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలకు మైక్రోప్రాసెసర్ల సబ్జెక్టు ట్యూషన్ మొదలుపెట్టాడు. ఆ సబ్జెక్టంటే ఆ రోజుల్లో పిల్లలకు హడలు. ఏటా తప్పేది అందులోనే. అందువల్ల ఇంటికి ఎప్పుడూ జనం ఉండేవాళ్లు. పాఠం చెప్పేటప్పుడు, ఇంట్లోనే అయినా, ప్యాంటు వేసి బెల్టు పెట్టుకునేవాడు. టీ సాసరులో పోసుకుని తాగేవాడు. పాఠం అయిపోయాక క్యాలిక్యులేటర్ను మెత్తటి గుడ్డతో తుడిచి, బ్యాటరీలు ఊడదీసి, చిన్నమ్మ కుట్టిన సంచిలో పెట్టి, దేవుడి పటం వెనక ఉంచేవాడు.

నేనూ ఆ పిల్లలతో కలిసే కూర్చునేదాన్ని. లెక్కల డిగ్రీ ఉన్నా ఆ ఒకట్లు సున్నాలు చూస్తే నాకు కళ్లు తిరిగేవి. చిన్నాయన నవ్వేవాడు.

"మిషనుకు తెలిసింది రెండే మే, కరెంటు ఉండాది, కరెంటు లేదు. ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. అట్లా పదహారు వరసబెట్టి రాస్తే మనిషి కంటికి ఆనవు. అందుకని కుడి పక్కనుంచి నాలుగేసి కట్టలు కట్టి, కట్టకొక పేరు పెట్టినారు. తొమ్మిది దాటినాక ఒంటి అంకెలు లేవు గదా, పదికి ఏ, పదకొండుకు బీ, అట్లా పదైదుకు ఎఫ్. అంతే. ఇందులో దయ్యముండాదా, భూతముండాదా? ఏమిటికి భయం?"

గోడమీద అంకె రాసి పిల్లలందరిచేతా చేత్తో మార్పించేవాడు. అందరూ జవాబు చెప్పాక క్యాలిక్యులేటర్లో నొక్కి, స్క్రీన్ చూసి, తీర్పు చెప్పేవాడు. బాగా చేసిన రోజు బహుమతి ఏమిటంటే, పాఠం చివర ఒక గ్రాఫ్. తరంగం సమీకరణం కొట్టి క్యాలిక్యులేటర్ను బల్ల మధ్యలో పెట్టేవాడు. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క చుక్కే పొడుచుకుంటూ గీత లేచి, దిగి, మళ్లీ లేచేది. పిల్లలు తలలు దగ్గరపెట్టి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. ఆ చిన్న స్క్రీన్ చుట్టూ అన్ని తలలు వంగడం చూసి చిన్నమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఏందో పిల్లగాడు పుట్టినట్టు సూస్తరు" అనేది.

మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఒక రోజు చిన్నాయన స్క్రీన్ మసకగా ఉందని బ్యాటరీలు మార్చాడు. కొన్నాళ్లకు మళ్లీ మార్చాడు. తర్వాత నన్ను చౌరస్తాలో దుకాణానికి పంపడం మామూలైంది. "కల్తీవి ఇస్తాండాడు మే వాడు, వేరే అంగట్లో తీసుకురా" అనేవాడు. నేను వేరే దుకాణంలో తెచ్చేదాన్ని. తీసేసిన బ్యాటరీలను చిన్నమ్మ టార్చిలైటులో వేసుకుంటే అది నెలల తరబడి వెలిగేది.

"ఏందయ్యా, గా మిషను బ్యాటరీలు తింటదా, బువ్వ తింటదా? టార్చిల మంచిగనే పని చేస్తున్నయి గదా?" అని ఆమె అడిగింది.

"టార్చికి తక్కువ కరెంటు సాలు. దీనికి సాలదు. నీకు తెల్దులే" అన్నాడు. అది తప్పని ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషికి తెలియదా? అయినా అన్నాడు.

ఆ క్యాలిక్యులేటర్లో రెండు మీటలు కలిపి నొక్కితే అక్షరాల నలుపు పెరుగుతుంది. ఆయన రోజురోజుకూ దాన్ని పెంచుకుంటూ పోయాడు. ఆ గుంపులో రజిత అని మూసాపేట అమ్మాయే ఒకతె ఉండేది, డిప్లొమా రెండో సంవత్సరం. బెరుకు లేని పిల్ల. ఒక సాయంత్రం క్యాలిక్యులేటర్ తన వైపు తిప్పితే చూసి, "సార్, స్క్రీన్ మొత్తం నల్లగైంది. ఏం కనిపిస్తలేదు" అంది. నేనూ తొంగి చూశాను. నిజంగానే పలక. నలుపులో నల్లటి అంకెలు, వెతికితే గానీ దొరకవు.

చిన్నాయన క్యాలిక్యులేటర్ అందుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇప్పుడే గదమ్మా బాగా కనపడతాండేది" అన్నాడు.

రజిత నా వైపు చూసింది. నేను రజిత వైపు చూశాను. ఆ తర్వాత నుంచి నాకు ఇంట్లో అన్నీ కనబడటం మొదలయ్యాయి. ఆయన భుజం ఎప్పుడూ తలుపు రెక్కకే తగిలేది. సాసరు పక్కన పెట్టిన గ్లాసు మోచేతికి తగిలి పడేది. పక్కనుంచి వచ్చే స్కూటర్లను తిట్టేవాడు, హారన్ కొట్టకుండా మీదికి వస్తున్నారని. పొడవాటి ఒకట్లు సున్నాల వరస చదివేటప్పుడు ఆ చివరో ఈ చివరో ఒకటి రాలిపోయేది. మధ్యలో ఉన్నవి మాత్రం తడుముకోకుండా చదివేవాడు, అందుకే ఆయనకు తన మీద అనుమానం రాలేదు. చిన్నమ్మతో అంటే, "ఆలోచనల పడ్డడంటే గట్లనే ఉంటడు. జర కంపెనీ పోయిన పరేషాన్" అంది. కళ్లద్దాలు మార్చుకోమని నేను ఒకటి రెండుసార్లు చెప్పాను. అద్దాలవాడి దగ్గరికి వెళ్లొచ్చాడు కూడా. ఎదురుగా గోడమీది అక్షరాలు చివరి వరసదాకా చదివాడట. "నా కండ్లు కుర్రోని కండ్లంట" అని సంతోషంగా చెప్పాడు.

ఆ రోజుల్లోనే ఒక మంచి కబురు వచ్చింది. ఆయన దగ్గర చదువుకుని మాదాపూర్‌లో చేరిన ఒక పాత విద్యార్థి, తమ కంపెనీలో కొత్తగా చేరేవాళ్లకు పాఠం చెప్పే మనిషి కావాలని, ముందు ఒక నమూనా క్లాసు చెప్పి చూపిస్తే చాలని చెప్పాడు. చిన్నమ్మ ఆ మాట విన్నప్పటి మొహం నాకింకా గుర్తుంది. పొద్దున్నే బువ్వడబ్బా కట్టి భర్తను పనికి పంపడం మానేసి చాలా కాలమైంది ఆమె. ఆ వారమంతా అలమరలోంచి పాత డబ్బా తీసి చింతపండుతో తోముతూనే ఉంది. చిన్నాయన అద్దం ముందు ఇంగ్లీషులో పాఠం చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ వారం అన్నం సహించలేదు. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే వెళ్లడం మానేస్తాడు. చెప్పకపోతే ఏమవుతుందో చూడాలి. చివరికి చిన్నమ్మే, "నువ్వు గూడ పో బిడ్డా. ఒక్కడే తొవ్వ తప్పుతడు" అంది.

బస్సు దిగి చాలా దూరం నడిచాం. అటూ ఇటూ పగలగొట్టిన బండలు, వాటి మధ్య అద్దాల మేడ. ఎండ ఆ అద్దాల మీద పడి కళ్లలోకి కొట్టింది. మెట్టు దగ్గర చిన్నాయన తూలాడు, నేను మోచెయ్యి పట్టుకున్నాను. "నున్నగా ఉండాది నేల" అన్నాడు. లోపల చల్లటి గది, తెల్ల బోర్డు, కుర్చీల్లో నా ఈడు పిల్లలే ఒక ఇరవై మంది. ముందు వరసలో శిక్షణ విభాగం మేనేజరు, ముప్పై ఐదేళ్ల ఆవిడ, కాటన్ చీరలో కూర్చుంది. నేను చివరి వరసలో గోడవైపు కూర్చున్నాను.

మొదలుపెట్టాక భయం తగ్గింది. ఎంత బాగా చెప్పాడని! కరెంటు ఉండటం, లేకపోవడం దగ్గర ఎత్తుకుని, మిషన్లో రుణసంఖ్య ఎలా ఉంటుందో దగ్గరికి వచ్చేసరికి గదిలో ఒక్కరూ కదల్లేదు. "మైనస్ గుర్తు రాసుకోను దానికి చోటు లేదు. కాబట్టి ఒకట్లను సున్నాలు చెయ్యి, సున్నాలను ఒకట్లు చెయ్యి, చివర ఒకటి కలుపు. అదే రుణం" అన్నాడు. ఎవరినైనా ఒక అంకె చెప్పమన్నాడు. ఒకబ్బాయి యాభై మూడు అన్నాడు. చిన్నాయన బోర్డు మీద దాన్ని ఒకట్లు సున్నాల్లో రాసి, తిప్పి, ఒకటి కలిపి, నాలుగేసి కట్టలు కట్టి, జవాబు వాళ్లనే చెప్పమన్నాడు. "సీ, బీ" అన్నారందరూ ఒక్కసారిగా.

ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి క్యాలిక్యులేటర్ తీశాడు. నొక్కాడు. ముందు ఎఫ్‌ల వరస వచ్చి చివర రెండు గుర్తులు వస్తాయి, ఆ రెండే మన జవాబు అని చెబుతూ స్క్రీన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "కాదు. సీ, ఎనిమిది" అన్నాడు. "ఎక్కడో తప్పు చేసినారు. మళ్లా చూడండి."

పిల్లలు మళ్లీ చూసుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు, ఎగతాళిగా కాదు, అయోమయంగా. చిన్నాయన బోర్డు వైపు తిరిగి, చివరి కట్టను వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఎనిమిది, రెండు, ఒకటి. పదకొండు. బీ. మళ్లీ స్క్రీన్ చూశాడు. మళ్లీ బోర్డు ముట్టుకున్నాడు. ఆయనకు తెలిసిన లెక్క ఒకటి చెబుతోంది, బీని ఎనిమిదిగా చూసిన కళ్లు ఒకటి చెబుతున్నాయి. ఆ రెంటి మధ్యా ఆయన నిలబడిపోయాడు. మేనేజరు మెల్లగా, "సార్, ఒక్కసారి చూసుకోండి, చివరిది బీ కదండీ?" అంది. ఆయన కిటికీ వైపు తిరిగి, క్యాలిక్యులేటర్ను వెలుతురుకు పెట్టి, నలుపు పెంచే మీటలు నొక్కసాగాడు. టిక్కు టిక్కుమని ఆ చప్పుడు గదంతా వినబడింది. నేను లేచి వెళ్లాలనుకున్నాను. లేచి ఏం చేయాలో తెలియలేదు. ఆయన పక్కన నిలబడి అది బీ అని చెప్పాలా? చెప్పి?

చివరికి ఆయన ఇటు తిరిగాడు. "బ్యాటరీ అయిపోయిందమ్మా" అన్నాడు.

మేనేజరు లేచి వెళ్లి ఆయన చేతిలో నల్లటి స్క్రీన్ చూసింది. ఆయన మొహం చూసింది. "పరవాలేదండి, క్లాసు చాలా బాగుంది, టీ తాగుదాం రండి" అని పిల్లల్ని పంపేసింది. టీ దగ్గర నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "మా నాన్నగారికీ ఇలాగే అయిందండి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, చుట్టూ ఉన్నది పోతుంది. తర్వాత మధ్యలోది కూడా మసకేస్తుంది. మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. మీరు ఇవాళే డాక్టరుకు చూపించండి, రేపు అనుకోకండి." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం సంగతి ఆవిడా ఎత్తలేదు, మేమూ అడగలేదు.

కంటి దవాఖానలో చీకటి గదిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. ఎక్కడ వెలుగు చుక్క కనబడితే అప్పుడు నొక్కమన్నారు. నేను టెక్నీషియన్ పక్కన నిలబడి ఆమె ముందున్న తెర చూస్తున్నాను. చుక్క వెలిగిన ప్రతిసారీ అక్కడ గుర్తు పడేది. పైన వెలిగింది, ఆయన నొక్కలేదు. పక్కన వెలిగింది, నొక్కలేదు. కింద, నొక్కలేదు. మధ్యలో వెలిగింది, నొక్కాడు. నేను పళ్లు బిగించుకుని నిలబడ్డాను, నా బొటనవేలు నాకు తెలియకుండానే ప్రతి చుక్కకూ ఖాళీ చేతిలో నొక్కుకుంటోంది. బయటికి వచ్చి, "సులువుగానే ఉండె మే. వచ్చినవన్నీ నొక్కినా" అన్నాడు. కాగితం చేతికి వస్తే, మధ్యలో అణా కాసంత తెలుపు, చుట్టూ నలుపు.

డాక్టరు పెద్దాయన, ఓపికగా చెప్పాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందన్నాడు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, మందు చుక్కలు వేసుకుంటే మిగిలింది కొన్నాళ్లు నిలబడవచ్చు అన్నాడు.

"ఆపరేషన్?" అన్నాడు చిన్నాయన.

"ఒత్తిడి తగ్గించడానికి చేయవచ్చు. పోయిన నరాన్ని మాత్రం ఎవరూ అతకలేరు."

చిన్నాయన జేబులో క్యాలిక్యులేటర్ తడుముకున్నాడు. "పెద్ద అక్షరాలు పడే మిషన్ కొనుక్కుంటే సార్?" అన్నాడు. డాక్టరు కలం మూత పెట్టుకున్నాడు. లేచేటప్పుడు నా వైపు తిరిగి, ఇది రక్తసంబంధం ఉన్నవాళ్లకు వస్తుంటుంది, మీరంతా పరీక్ష చేయించుకుంటూ ఉండండి అన్నాడు. అప్పుడే చేయించాను, ఏమీ లేదన్నారు.

ఆ రోజు నుంచి ఉదయం, సాయంత్రం చిన్నమ్మ ఆయన కళ్లలో చుక్కలు వేసేది. మంటకు ఆయన తిట్టేవాడు, ఆమె తిరిగి తిట్టేది. ట్యూషన్ ఆపలేదు. స్క్రీన్ చదవడానికి నేనుండేదాన్ని, నాకు ఉద్యోగం వచ్చి గచ్చిబౌలి హాస్టలుకు మారాక ఆ పని చిన్నమ్మ మీద పడింది. ఆమెకు తెలుగు, అంకెలు వచ్చు, ఇంగ్లీషు రాదు. కావలసినవి ఆరు అక్షరాలే కదా అని చిన్నాయన ఆమెకు గోడమీద రాసి నేర్పాడు. ఏ గుడిసె, బీ రెండు పొట్టలది, సీ కొడవలి. "ఎఫ్, ఎఫ్, కొడవలి, రెండు పొట్టలది" అని ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చదువుతుంటే పిల్లలు నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. రజిత పరీక్షలు రాసి పాసై వెళ్లిపోయింది. కొత్తవాళ్లు తగ్గారు. కళ్లు సరిగా కనబడని మాస్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? అదీకాక ఇళ్లల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఒక ఎండాకాలం సెలవుల తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు లేవు. మధ్యలో మిగిలిన ఆ తెలుపు కూడా ఏడాదికేడాదీ కుంచించుకుపోయి, ఒకనాటికి వెలుతురు, చీకటి తేడా మాత్రమే మిగిలింది. తర్వాత అదీ లేదు. నేను పెద్ద డాక్టర్లందరి దగ్గరికీ తిప్పాను. నా జీతం, నా సెలవులు, నా పరిచయాలు దేనికీ పనికిరాలేదు. అందరూ మొదటి డాక్టరు చెప్పిన మాటే చెప్పారు.

అయినా చిన్నాయన సాయంత్రమయ్యేసరికి బెల్టు పెట్టుకుని ముందుగదిలో కూర్చునేవాడు. ఒళ్లో క్యాలిక్యులేటర్ పెట్టుకుని, ఏదో అంకె అనుకుని, వేళ్లతో మీటలు తడిమి నొక్కి, జవాబు మనసులో లెక్కగట్టి పైకి చెప్పేవాడు. చిన్నమ్మ కూరగాయలు కోసుకుంటూ స్క్రీన్ వైపు ఒక చూపు వేసి, "అవునయ్యా, గదే ఉన్నది" అనేది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆ పనే జరుగుతోంది. ఆయన చెబుతున్నాడు, ఆమె అవునంటోంది. నేను వెనకనుంచి వంగి చూశాను. స్క్రీన్ మీద ఏమీ లేదు. బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. చిన్నమ్మ నా వైపు చూసి, కత్తి పట్టుకున్న చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది. తర్వాత వంటింట్లో గుసగుసగా చెప్పింది. "మొదట్ల కొత్తయి ఏసిన. మల్ల ఏం ఫాయిద అనిపించింది బిడ్డా. ఎట్లయిన ఆయన చెప్పిందే కరెక్టుంటది. ఒక్కపారి గూడ తప్పు పోలే."

మరికొన్ని నెలలకు అనుకుంటాను, నేను వాళ్ల పక్కనే కూర్చుని ఉన్నాను. చిన్నాయన చాలాసేపు మీటలు తడిమాడు. "ఎఫ్, ఎఫ్, సీ, జీ" అన్నాడు.

"అవు, గదే ఉన్నది" అంది చిన్నమ్మ, బెండకాయ తొడిమె తీస్తూ.

పదహారంకెల పద్ధతి ఎఫ్‌తో ఆగిపోతుంది. అందులో జీ లేదు. ఆ సంగతి ఆ గదిలో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. వీధిలో ఉల్లిగడ్డల బండివాడు అరుచుకుంటూ వెళ్లిపోయాడు. "సరిపోయిందిలే" అన్నాడు చిన్నాయన. క్యాలిక్యులేటర్‌ను సంచిలో పెట్టి, దారం చుట్టి, చిన్నమ్మ ఉన్న వైపు చాపాడు. కోపం లేదు ఆ గొంతులో. మర్నాడు సాయంత్రం మళ్లీ అడిగి తీసుకున్నాడనీ, మళ్లీ మామూలుగానే జవాబులు చెప్పాడనీ, తను మామూలుగానే అవునందనీ చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. ఆయనకు తెలుసని ఆమెకు ఎప్పుడైనా తెలిసిందో లేదో నేను అడగలేదు. అలా ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు మా బాల్కనీలోంచి చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు దాకా మేడలే. అప్పట్లో మేమిద్దరం ఎండలో నడిచిన బండల దారి ఏ మేడ కింద ఉందో గుర్తుపట్టలేను. ఫోన్ దానంతటదే అక్షరాలు చదివి వినిపిస్తుంది. నరం ఎంత మందం మిగిలిందో కొలిచే యంత్రాలు వచ్చాయి. ఇవన్నీ అప్పుడే ఉంటే అని మొదట్లో అనుకునేదాన్ని. ఉన్నా చివరి మాట మారదని పోయిన నెల తెలిసింది. ఏటా చేయించుకునే పరీక్షలో, నా ఎడమకంటికి కింది మూల ఒక నల్లటి మచ్చ వచ్చింది. నాకు తెలియనే లేదు, ఆ మూల చూపు పోయిందని. డాక్టరు నా కంటే చిన్నది, చురుకైన పిల్ల. తెరమీద రంగుల బొమ్మలు చూపించి, పూర్తిగా ఇంగ్లీషులో, ఆ పెద్దాయన చెప్పిన మాటే చెప్పింది. పోయింది రాదు, మిగిలింది కాపాడుకోవాలి. నేను బుద్ధిగా తలూపి, చుక్కల మందు కొనుక్కుని వచ్చాను. ఇంట్లో చిన్నమ్మకు చెప్పలేదు. ఆమె మనిషిని పోగొట్టుకుని ఇంకా ఎన్నాళ్లో కాలేదు, ఎలా చెప్పను?

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, గదిలో అద్దం ముందు తల వెనక్కి వంచి చుక్క వేసుకోబోతే, అది చెంప మీద పడింది. రెండోదీ అంతే. కళ్లు తుడుచుకుని చూస్తే గుమ్మంలో చిన్నమ్మ. నా చేతిలో సీసా చూసింది. ఆ సీసా ఏమిటో ఆమెకు నా కంటే బాగా తెలుసు. వెనక్కి వెళ్లి, వంటింట్లో సబ్బుతో చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. వచ్చి మంచం మీద కూర్చుని, ఒడిలో తువ్వాలు పరిచింది.

"పండుకో" అంది.

ఆమె ఒడిలో తల పెట్టాను. తడి బొటనవేలితో కింది రెప్ప లాగింది. చుక్క సరిగ్గా పడింది, మండింది.

"గట్టిగ ముయ్యకు. మెల్లగ ముయ్యి. ముక్కు పక్కన ఏలుతోని ఒత్తి పట్టు, మందు గొంతులకు దిగదు."

ఒత్తి పట్టుకున్నాను. రెండో కన్ను కూడా అయ్యాక ఆమె నా నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి నెట్టింది. తర్వాత సీసా మూత బిగించి, నాకివ్వకుండా తన కొంగున ముడివేసుకుంది.

"పొద్దుగాల ఎన్ని గంటలకు లేస్తవ్?" అని అడిగింది.